కాన్పు సాగట్లేదని విద్యార్థి గుర్తుపట్టాలంటే: క్లాసా, కాగితమా, బొమ్మా, లేబర్ రూమా?

ఈ మధ్య చిత్తూరు వైపు ఒక మెడికల్ కాలేజీలో కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన నా జూనియర్ ఫోన్ చేసింది. "అక్కా, అబ్‌నార్మల్ లేబర్ టాపిక్ నాకే వేశారు, మీ స్లైడ్లు ఉంటే పంపండి" అంది. పంపాను. పంపి, స్లైడ్లతో ఈ టాపిక్ రాదమ్మా అని కూడా అన్నాను. తన దగ్గర ఉన్నవి ఇవీ: ఇరవై ఐదు మంది బ్యాచ్, బీరువాలో కవర్ కూడా తీయని మానెక్విన్ ఒకటి, రోజుకి రెండో మూడో కాన్పులు, నాలుగు వారాల పోస్టింగ్. తిరుపతిలో నా కష్టం దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ కాన్పులకి కొదవ లేదు, పిల్లలకి నిలబడే చోటే లేదు.

ఆ ఫోన్ గంటన్నర సాగింది. అందులో చెప్పినవీ, చెబుదామనుకుని మర్చిపోయినవీ కలిపి రాస్తున్నాను. డ్యూటీ మధ్యలో చదివేవాళ్ల కోసం నా తీర్పు ముందే చెప్పేస్తా: సమయం తక్కువుంటే గంట గంటకి విప్పే కాగితం కేసులకి పెద్ద పీట వేయండి, ప్రతి విద్యార్థీ ఒక్క కాన్పుకైనా మొదటి నుంచి చివరిదాకా తల్లి పక్కన ఉండేలా చూడండి, మానెక్విన్‌ని వేళ్లకి అలవాటు కోసం వాడండి, లెక్చర్ ఒక్కటి చాలు. కాన్పు ఎలా సాగుతోందో రాసుకునే చార్టుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త లేబర్ కేర్ గైడ్ నేర్పండి, గ్రాఫ్ మీద గీత గీసే పాత పార్టోగ్రాఫ్‌ని చదవడం మాత్రం రావాలి.

అసలు నేర్పాల్సింది ఏది

పీవీ (లోపలి పరీక్ష) చేసి, గర్భాశయ ముఖద్వారం (సర్విక్స్) ఎంత తెరుచుకుందో "6 సెంటీమీటర్లు మేడం" అనడం ఒక పని, ఈ కాన్పు ఆగిపోయింది అనడం వేరే పని. రెండోది ఒక్క పరీక్షతో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. పదింటికి ఎంత, రెండింటికి ఎంత, ఆ నాలుగు గంటల్లో నొప్పులు ఎలా వచ్చాయి, పొట్ట మీద నుంచి చూస్తే తల ఎంత దిగింది, ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటేనే కనపడుతుంది. మనం మాత్రం విద్యార్థికి ఆ నిమిషాన చేతికి తగిలేవి నేర్పి, పరీక్షలోనూ వాటినే అడిగి, తర్వాత హౌస్ సర్జన్ అయ్యాక ఎనిమిది గంటలు ఒకేచోట ఆగిపోయిన కాన్పుని ఎందుకు పట్టుకోలేదని తిడతాం.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి ఒక రాత్రి చెప్తాను, ఎక్కడో వద్దు. తొలికాన్పు అమ్మాయి. మధ్యాహ్నం ఒకరు షీట్‌లో "మూడు వేళ్లు" అని రాశారు, సాయంత్రం ఇంకొకరు "6 సెం.మీ", రాత్రి ఎనిమిదికి నేను "6-7". ముగ్గురం మూడు పేజీల్లో రాశాం, ఎవరూ వెనక పేజీ తిప్పలేదు. పార్టోగ్రాఫ్ కాగితం షీట్‌కి పిన్ చేసే ఉంది, ఖాళీగా. బయట వరండాలో కూర్చున్న వాళ్ల అవ్వ నన్ను ఆపి, "పొద్దున్నుంచి అదే మాట చెప్తా ఉండారు గదమ్మా, ఇంకా కొంచెం ఇంకా కొంచెం అని, బిడ్డ కిందికే రావడంలా" అంది. డయాగ్నసిస్ ఆమె చెప్పేసింది, నేను "ఉండవ్వా" అని వెళ్లిపోయాను. పదిన్నరకి పీజీ వచ్చి పొట్ట మీద చెయ్యి పెడితే తల అయిదింట మూడు వంతులు ఇంకా పైనే ఉంది. నా వేలికి కింద తగిలింది తల కాదు, తల మీద వచ్చిన వాపు, కాపుట్. గొట్టం వేస్తే మూత్రం ఎర్రగా వచ్చింది. ఆపరేషన్ చేశారు, తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. తెల్లారాక ఆ ఖాళీ పార్టోగ్రాఫ్‌ని నా చేతే నింపించారు, గీత అందంగా వచ్చేలా.

కాన్పు అయ్యాక గీసే పార్టోగ్రాఫ్ గురించి మన రాష్ట్రంలో పనిచేసిన వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంకో వైపు తప్పు కూడా ఉంది, ఇప్పుడు అదే ఎక్కువేమో. సాగుతున్న కాన్పుని సాగట్లేదని రాసి ఆపరేషన్‌కి తీసుకెళ్లడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో సిజేరియన్లు 42.4 శాతం. వాటన్నిటికీ కారణం ఇదే అని నేను అనను, పాత సిజేరియన్లున్న వాళ్లు, ముహూర్తాలు, భయాలు చాలా కలిసున్నాయి. కానీ షీట్లు తిరగేస్తే "ఫెయిల్యూర్ టు ప్రోగ్రెస్" అని 4 సెంటీమీటర్ల దగ్గర రాసినవి ఎన్ని దొరుకుతాయో మీకూ తెలుసు. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ రెండు తప్పుల్నీ పట్టుకోవడం నేర్పుతుందా లేదా అని చూడాలి. ఒక్కదాన్నే నేర్పేది సగం పద్ధతి.

క్లాసు

లెక్చర్‌ని తీసిపారేయను. ఒక్క పనికి అది బాగా పనికొస్తుంది, ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పడానికి. 1950ల్లో న్యూయార్క్‌లో ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ 500 తొలికాన్పుల్ని గ్రాఫ్ మీద గీశాడు, ఎస్ ఆకారం గీత వచ్చింది, తొలికాన్పు వాళ్లకి గంటకి కనీసం 1.2 సెంటీమీటర్లు అన్న లెక్క అక్కడిది. 1972లో అప్పటి రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, ఫిల్పాట్, కాజిల్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ గ్రాఫ్ మీద రెండు గీతలు గీశారు. గంటకి 1 సెంటీమీటర్ చొప్పున అలర్ట్ లైన్, దానికి నాలుగు గంటలు కుడి పక్కన యాక్షన్ లైన్. ఆ నాలుగు గంటలు ఎందుకో విద్యార్థుల్ని అడగండి, నూటికి తొంభై మందికి తెలియదు. దూరంగా ఉన్న చిన్న క్లినిక్‌లో మంత్రసాని అలర్ట్ లైన్ దాటగానే తల్లిని పెద్దాసుపత్రికి పంపితే, చేరి వైద్యం మొదలయ్యేదానికి పట్టే వ్యవధి అది. కుప్పం అవతల తమిళనాడు బోర్డర్‌లోనో సత్యవేడు లోపలో ఉన్న పల్లెని తలుచుకుంటే ఆ గీత అర్థం ఇట్టే తెలుస్తుంది, పుస్తకంలో బొమ్మ చూస్తే తెలియదు.

తర్వాత 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియాలో 35 వేలకు పైగా కాన్పుల మీద పార్టోగ్రాఫ్‌ని పరీక్షించింది, 18 గంటలు దాటే కాన్పులు 6.4 శాతం నుంచి 3.4కి తగ్గాయి. 2010లో జాంగ్ బృందం అమెరికాలో 62,415 కాన్పుల్ని చూసి, చాలామందికి 6 సెంటీమీటర్ల దాకా నెమ్మదిగానే సాగుతుందని చూపింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థే యాక్టివ్ దశ (కాన్పు ఊపందుకునే దశ) 5 సెంటీమీటర్ల నుంచి అని, గంటకి 1 సెంటీమీటర్ కొందరికి అందని వేగమని చెప్పింది.

ఇది నలభై నిమిషాల కథ. పవర్ (నొప్పులు), ప్యాసేజ్ (దారి), ప్యాసెంజర్ (బిడ్డ) అని మూడు పీలు ఇంకో పది నిమిషాలు. అక్కడితో ఆపేయండి. రెండో లెక్చర్, మూడో లెక్చర్ పెట్టినా విద్యార్థి నోట్స్ పెరుగుతాయి తప్ప, రాత్రి రెండింటికి ఎవరి షీట్ వెనక్కి తిప్పాలో తెలియదు. పైగా మధ్యాహ్నం భోజనం తర్వాతి స్లాట్ మనకి ఇస్తారు, ఆ స్లాట్‌లో ఏం చెప్పినా ఒకటే.

కాగితం మీద కేసులు

నా ఓటు దీనికి. మామూలుగా అందరూ చేసేది ఏంటంటే, కేసు మొత్తం ఒకే పేజీలో ఇచ్చి "పార్టోగ్రాఫ్ గీయండి" అంటారు. అది డ్రాయింగ్ క్లాసు. గీత గీశాక కుడి పక్కకి పోయిందని చిన్న పిల్లలకీ కనపడుతుంది. లేబర్ రూమ్‌లో అలా కనపడదు, అక్కడ రేపు ఏం జరుగుతుందో తెలియకుండా ఇప్పుడు నిర్ణయం తీసుకోవాలి.

అందుకని ఒక్కో కేసుని నాలుగైదు కవర్లలో పెట్టండి. అయిదుగురికి ఒక కేసు. మొదటి కవర్‌లో పదింటి పరీక్ష. చదివి, చార్టులో పెట్టి, ఒక వాక్యం రాయాలి: మామూలా, కాదా, ఇంకా తెలియదా, మళ్లీ ఎప్పుడు ఏం చూస్తారు. ఆ వాక్యం రాసి సంతకం పెడితేనే రెండో కవర్. సంతకం అంటే నవ్వుతారు, కానీ దాంతోనే అసలు ఆలోచన మొదలవుతుంది. "ఇంకా తెలియదు" అని రాసే ధైర్యం రావడానికి నా బ్యాచ్‌లకి రెండు మూడు కేసులు పడుతుంది.

నేను వాడే కేసుల్లో ఒకటి ఇది. తొలికాన్పు, పదింటికి 5 సెం.మీ, మధ్యాహ్నం రెండింటికి 6, సాయంత్రం ఆరింటికి 8. నొప్పులు పది నిమిషాలకి మూడు నాలుగు, బిడ్డ గుండె బాగుంది, ఉమ్మనీరు తేటగా ఉంది, తల దిగుతోంది. పాత పార్టోగ్రాఫ్ మీద పెడితే రెండింటికే అలర్ట్ లైన్ దాటి మూడు గంటలు కుడి పక్కన ఉంటుంది, ఆరింటికి యాక్షన్ లైన్ కూడా దాటేస్తుంది. అదే కేసుని లేబర్ కేర్ గైడ్‌లో పెడితే ఎక్కడా గంట మోగదు, దాని గడువు లెక్కన 5 దగ్గర ఆరు గంటలు నిండలేదు, 6 దగ్గర అయిదు గంటలు నిండలేదు. చివరి కవర్‌లో ఎనిమిదింటికి ముక్కాలనిపించింది, చూస్తే ఫుల్ (పూర్తిగా తెరుచుకుంది), తొమ్మిది దాటాక మామూలు కాన్పు. బ్యాచ్‌ని రెండుగా చేసి ఒకరికి పాతది, ఒకరికి కొత్తది ఇచ్చి వాదించుకోనివ్వండి. ఆ వాదన ముందు నా లెక్చర్ ఎందుకూ పనికిరాదు.

రెండో కేసులో గీత అందంగా ఉంటుంది, తల మాత్రం దిగదు. 6, 7, 9 అని తెరుచుకుంటూ పోతుంది, పొట్ట మీద తల 4/5 దగ్గరే, మోల్డింగ్ (బిడ్డ తల ఎముకలు ఒకదాని మీదికొకటి ఎక్కడం) ఒకటి నుంచి రెండు ప్లస్సులు, తర్వాత మూడు, కాపుట్ పెరుగుతోంది, తల్లి నాడి 100 దాటింది. సగం మంది చివరి కవర్ దాకా "నార్మల్" అనే రాస్తారు, ఎందుకంటే వాళ్ల కళ్లు తెరుచుకోవడాన్ని చూపే ఎక్స్ గుర్తుల మీదే ఉంటాయి, తల దిగడాన్ని చూపే సున్నాల మీద ఉండవు. నా హౌస్ సర్జన్ రాత్రికి ఇదే చుట్టం.

మూడోది లేటెంట్ దశ, అంటే యాక్టివ్ దశకి ముందు నెమ్మదిగా సాగేది. పొద్దున ఆరింటికి 3, పన్నెండింటికి 4, నొప్పులు పదికి రెండు, తల్లి అలిసిపోయింది, ఇంటివాళ్లు గొడవ. ఇందులో సరైన సమాధానం తిండి, నీళ్లు, నడక, నిద్ర, ఓపిక. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ పెడతామనే వాళ్లూ, ఆపరేషన్ అనే వాళ్లూ ఈ కవర్ దగ్గరే దొరికిపోతారు.

ఇంకొకటి కావాలని పెడతాను: ఒకరు 7 అని రాసి, మూడు గంటల తర్వాత ఇంకొకరు 6 అని రాసిన కేసు. మొదట నవ్వుతారు, మూసుకుపోయిందా మేడం అని. తర్వాత ఆలోచిస్తారు. చెయ్యి మారిందా, నొప్పి ఉన్నప్పుడు ఒకరు లేనప్పుడు ఒకరు చూశారా, లేక సర్విక్స్ వాచిందా? వాపు అయితే అది అడ్డుపడిన కాన్పుకి సూచన కావచ్చు.

కాగితానికి ఉన్న లోటు కూడా ఇక్కడే ఉంది. అంకె మనమే ఇస్తాం, విద్యార్థి దాన్ని నమ్ముతాడు. నిజంలో ఆ అంకే ఊగుతుంది. ఖర్చు చూస్తే జిరాక్స్ డబ్బులు, ఒక ఆదివారం.

బొమ్మలు, మానెక్విన్లు

సిమ్యులేషన్ ల్యాబ్ వచ్చాక ప్రతి కాలేజీలో అన్నీ అక్కడే నేర్పాలనే ఊపు వచ్చింది, ఇన్‌స్పెక్షన్‌కి ఫొటోలు కూడా బాగా వస్తాయి. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన కొత్త సిలబస్ కూడా మామూలు కాన్పు దశల్ని బొమ్మ మీద చేసి చూపించమంటుంది, కాబట్టి వదిలేయడానికి లేదు. కానీ బొమ్మ దేనికి మంచిదో దానికే వాడాలి.

వేళ్లకి మంచిది. సర్విక్స్ ఎంత తెరుచుకుందో గట్టి మోడళ్ల మీద కొలిపించిన అధ్యయనాల్లో, అనుభవం ఉన్న వాళ్లు కూడా కచ్చితంగా చెప్పింది దాదాపు సగం సార్లే. ఒక సెంటీమీటర్ అటూ ఇటూ వదిలేస్తే పదికి తొమ్మిది సార్లు సరి. ఈ మాట విద్యార్థికి చెప్పి, చేయించి చూపించండి. 5 అన్నది 6 కావచ్చు అని చేతితో తెలిస్తే, ఒక్క సెంటీమీటర్ తేడా చూసి కాన్పు సాగిందనీ ఆగిందనీ తీర్పు చెప్పడం మానేస్తాడు. అందుకే వీలైనంత వరకు ఒకే చెయ్యి మళ్లీ చూడాలి అనే మాటకి అర్థం కూడా వస్తుంది.

దీనికి లక్షలు పెట్టక్కర్లేదు. పది రూపాయల బిళ్ల 2.7 సెంటీమీటర్లు. ఆడవాళ్ల గాజుల్లో 2-6 సైజు లోపలి కొలత 6 సెంటీమీటర్లు, నిజంగానే, రెండు అంగుళాల ఆరు పదహారో వంతులు. అంటే కొత్త పాఠాల్లో అందరూ తలకొట్టుకునే ఆ 6, తిరుపతి గాంధీ రోడ్డులో ప్రతి గాజుల కొట్లోనూ వేలాడుతోంది. మిగతావి కంపాస్‌తో అట్టముక్కలో కోసుకుని, గుడ్డ సంచిలో వేసి, చూడకుండా వేళ్లతో చెప్పమనండి. ముందు ప్రతి ఒక్కరూ తమ రెండు వేళ్లు చాచితే ఎన్ని సెంటీమీటర్లో స్కేలు మీద కొలుచుకోవాలి. "మూడు వేళ్లు" అని రాయడం ఆ రోజుతో మానిపించవచ్చు, ఎవరి వేళ్లని అడిగితే చాలు.

బొమ్మ దేనికి మంచిది కాదంటే, సమయానికి. ఖరీదైన మానెక్విన్ ఇరవై నిమిషాల్లో కాన్పు అయిపోతుంది. నెమ్మదిగా అన్నది దానికి తెలియదు. తల్లి ముఖం వాడిపోవడం, పెదాలు ఎండిపోవడం, రెండు నొప్పుల మధ్య కూడా పొట్ట మెత్తబడకపోవడం, బొడ్డు దగ్గర అడ్డంగా గీత తేలడం, ఇవేవీ అందులో రావు. భుజం ఇరుక్కోవడం, రక్తస్రావం లాంటి నిమిషాల మీద నడిచే ఎమర్జెన్సీలకి బొమ్మని మించింది లేదు, అక్కడ వాడండి.

లేబర్ రూమ్

అందరూ దీన్నే గొప్పదంటారు, నేనూ అంటాను, కాకపోతే మనం నడిపే తీరులో కాదు. పన్నెండు మంది తెల్లకోట్లు ఒక మంచం చుట్టూ నిలబడి, తల కనపడే టైముకి వచ్చి, బొడ్డు కోశాక వెళ్లిపోతారు. లాగ్‌బుక్‌లో పది కాన్పులు చూసినట్టు సంతకాలు. చూసింది పది కాన్పుల చివరి పది నిమిషాలు. సాగని కాన్పు చివరి పది నిమిషాల్లో ఉండదు.

దీనికి బదులు: ఇద్దరు విద్యార్థులకి ఒక తల్లి. 4, 5 సెంటీమీటర్ల దగ్గర ఉన్నప్పుడే కలవాలి, పేరు చెప్పుకోవాలి, ఉండొచ్చా అని అడగాలి, ఆమె వద్దంటే వద్దు. పీవీ వాళ్లు చేయరు. డ్యూటీ డాక్టర్ నాలుగు గంటలకోసారి చేసేదాన్ని విని రాసుకుంటారు, ఆమె ఒప్పుకుంటే ఒకరు ఒక్కసారి, డాక్టర్ పక్కనుండగా. ఒక తల్లిని పది మంది చేతులు చూడటం నేర్పడం కాదు, ఇన్ఫెక్షన్ ఇవ్వడం, ఇంకా మాట్లాడితే అవమానించడం. మిగతా సమయమంతా వాళ్ల పని పొట్ట మీద చెయ్యి పెట్టి పది నిమిషాల్లో నొప్పులు లెక్కపెట్టడం, ఎన్ని సెకన్లు ఉన్నాయో చూడటం, అర్ధగంటకోసారి బిడ్డ గుండె వినడం, తల ఎన్ని వంతులు పైన ఉందో పట్టుకోవడం. ఇవన్నీ బయటినుంచే. సాగని కాన్పు జాడలు చాలావరకు బయటే ఉంటాయి.

ఇలా ఎనిమిది తొమ్మిది గంటలు కూర్చున్న విద్యార్థికి ఒక సంగతి పుస్తకం లేకుండా తెలుస్తుంది, మామూలు కాన్పు ఎంత నెమ్మదిగా ఉంటుందో. మామూలు తెలియని వాడికి తేడా ఎలా తెలుస్తుంది?

భాష సంగతి కూడా ఒకటుంది. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చే తల్లులు కొందరు తమిళంలో నొప్పిని "వలి" అనే చెప్తారు, కోస్తా నుంచి వచ్చిన విద్యార్థి బిక్కమొహం వేస్తాడు. "వలి ఎప్పడి ఇరుక్కు" (నొప్పి ఎలా ఉంది) అన్న ఒక్క వాక్యం నేర్పి పంపండి. నడుములోనే నొప్పంతా, ముందే ముక్కాలనిపిస్తోంది అని ఆమె ఏ భాషలో చెప్పినా, బిడ్డ వీపు వెనక్కి తిరిగి ఉందేమో అని చూడమనే మాట అది.

లోటు: సాగని కాన్పు మీరు కోరుకున్న రోజు రాదు. రోజుకి మూడు కాన్పులున్న చోట నాలుగు వారాల్లో ఒక్కటీ రాకపోవచ్చు. అందుకే ఇది కాగితం కేసులకి తోడుగా ఉండాలి, దాని చోటు ఇది ఆక్రమించలేదు.

ఏ చార్టు నేర్పాలి

2020 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లేబర్ కేర్ గైడ్ తెచ్చింది. ఏటవాలు గీతలు పోయాయి. బదులుగా ఒక్కో సెంటీమీటర్ దగ్గర ఎంతసేపు ఆగొచ్చో ఉంటుంది: 5 దగ్గర 6 గంటలు, 6 దగ్గర 5, 7 దగ్గర 3, 8 దగ్గర రెండున్నర, 9 దగ్గర 2. అంత నిండినా మార్పు లేకపోతే అంకె చుట్టూ సున్నా చుట్టి, పైవాళ్లని పిలిచి, ఏం చేస్తామో కింద రాయాలి. ముక్కే దశకి తొలికాన్పు అయితే 3 గంటలు, కాకపోతే 2. పాత కాగితంలో ఆ దశకి చోటే ఉండేది కాదు.

నాకు ఇందులో బాగా నచ్చింది అంచనా, ప్రణాళిక అని రెండు వరసలు ఉండటం. గీత గీసి చేతులు దులుపుకోవడానికి లేదు. తోడు ఎవరైనా ఉన్నారా, నీళ్లు తాగిందా, వెల్లకిలా పడుకోబెట్టారా అని కూడా అడుగుతుంది. వాళ్ల అవ్వని వరండాలో కూర్చోబెట్టిన నాలాంటి వాళ్లకి అది చురకే.

పాత పార్టోగ్రాఫ్‌కి ఉన్న బలం ఒక్క చూపులో తెలియడం. గీత వంగింది, అంతే. కొత్తది అంకెల గడులు ఎక్కువ, మొదటి వారం విద్యార్థులు తికమకపడతారు, సిస్టర్లు విసుక్కుంటారు. ఇంకా చాలా చోట్ల షీట్‌లో పాతదే ఉంటుంది, రిఫర్ అయి వచ్చే తల్లితో పాతదే వస్తుంది, వైవాలో పెద్దవాళ్లు పాతదే అడుగుతారు. కాబట్టి రాయడం కొత్తదాంట్లో, చదవడం రెండూ. రెండింటినీ సమానంగా నేర్పబోతే యాక్టివ్ దశ 4 సెంటీమీటర్ల నుంచా 5 నుంచా అనేదే తేలక విద్యార్థి రెండూ వదిలేస్తాడు. అమెరికా వాళ్ల 6 సెంటీమీటర్ల నిబంధనని పీజీలకి ఉంచండి: 6 దాటి, ఉమ్మనీటి సంచి పగిలి, మంచి నొప్పులతో 4 గంటలు, లేదా డ్రిప్ మీద నొప్పులు చాలకపోతే 6 గంటలు కదలకపోతే ఆగినట్టు, అని 2014లో వాళ్లు చెప్పారు. యూజీకి అది మూడో అంకె, గందరగోళం.

మీ పరిస్థితికి ఏది

పెద్ద సర్కారు ఆసుపత్రి, కాన్పులు ఎక్కువ, పిల్లలు ఎక్కువ అయితే: ఇద్దరికి ఒక తల్లి పద్ధతిని రాత్రి డ్యూటీల్లో పెట్టండి, పగలు గుంపు తట్టుకోలేరు. కాగితం కేసులు డ్యూటీ రూమ్‌లోనే చేయించొచ్చు. మానెక్విన్ లేకపోయినా బాధపడకండి.

మా జూనియర్ లాగా కాన్పులు తక్కువున్న కాలేజీ అయితే: వారానికి రెండు కాగితం కేసులు, నాలుగు వారాలకి ఎనిమిది, గాజుల సంచి ఒక మధ్యాహ్నం, వచ్చిన ప్రతి తల్లికీ ఇద్దరు తోడు. వీలైతే దగ్గర్లోని సర్కారు ఆసుపత్రితో మాట్లాడి రెండు రోజులు పంపండి.

నేర్పేవాళ్లెవరూ పట్టించుకోని విద్యార్థి అయితే: పాత కేస్ షీట్లు, పేర్లు లేకుండా, డిపార్ట్‌మెంట్ అనుమతితో అడిగి తీసుకోండి. స్నేహితుడి చేత గంట గంటకి చదివించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లేబర్ కేర్ గైడ్ పుస్తకం నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

హౌస్ సర్జన్లకి నేర్పుతున్నట్టయితే ఇవన్నీ వదిలేసి ఒక్కటే పట్టండి. షీట్ తీసుకోగానే వెనక పేజీ తిప్పడం, తర్వాత సీనియర్‌కి ఫోన్‌లో ఎలా చెప్పాలో. "మేడం, పేషెంట్ 7 సెంటీమీటర్లు" అని కాదు, "మూడు గంటలుగా 7 దగ్గరే ఉంది, తల మూడు వంతులు పైనే, నొప్పులు నాలుగున్నాయి, వచ్చి చూడండి" అని. ప్రాక్టికల్ పరీక్షలో ఈ ఫోన్ మాటని ఓఎస్‌సీఈ స్టేషన్‌గా పెట్టొచ్చు, బొమ్మ అక్కర్లేదు, పక్క గదిలో ఒక ఫోన్ ఉంటే చాలు. పార్టోగ్రాఫ్ గీయమనే స్టేషన్ కంటే దీనికి ఎక్కువ మార్కులు ఇస్తాను.

మొన్న మా జూనియర్ మెసేజ్ పెట్టింది. కేసులు నాలుగు తయారయ్యాయట, ఒకదాంట్లో అవ్వని కూడా పెట్టిందట, మూడో కవర్‌లో వచ్చి "బిడ్డ కిందికి రావడంలా" అంటుంది. గాజులు కొనడానికి వెళ్తే కొట్లో ఆయన చెయ్యి చూపించమ్మా అన్నాడట. చేతికి కాదన్నా, స్కేలు ఉందా అని అడిగిందట.